బంతిపువ్వా, హెల్మెట్టా

పాత లెన్సులకు మళ్ళీ గిరాకీ వచ్చిందట. ఈ మధ్య కడపలో ఒక పెళ్ళికి పోయినప్పుడు, ఫోటోలు తీస్తున్నతను తన కొత్త కెమెరాకు దాదాపు నా వయసున్న లెన్సు ఒకటి తగిలించుకుని ఉన్నాడు. పెళ్ళికూతురి వెనక సీరియల్ బల్బులన్నీ వెలుగు బిళ్ళలుగా కరిగిపోయాయని మురిసిపోతూ చూపించాడు. బాగున్నాయన్నాను. ఆ బిళ్ళల అంచుల్లో రంగు కనిపిస్తోందే అని అడిగితే, "అది లెన్సు జబ్బు సార్, తర్వాత కంప్యూటర్లో తుడిచేస్తాం" అన్నాడు.

ఉద్యోగమంతా నేనూ తుడుస్తూనే గడిపాను. ఆ తుడవడం వల్ల ఒకసారి ఏం జరగబోయిందో అతనికి చెబుదామనుకున్నాను. అంతలో తలంబ్రాలు మొదలై అతను పరుగెత్తాడు. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

ఎర్రగుంట్ల వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో నేను ఫోటోగ్రాఫర్‌ని. గేటు పాసులకు ఫోటోలు, విరిగిన యంత్రాల ఫోటోలు, పెద్దవాళ్ళు వచ్చినప్పుడు దండలు వేసే ఫోటోలు తీసేవాణ్ణి. మొదట్లో యంత్రాలు బిగించడానికి వచ్చిన ఒక విదేశీ ఇంజనీరు పోతూ పోతూ తన లెన్సును స్టోర్లో వదిలిపెట్టి పోయాడు. బరువైనది, గాజు ముఖం వెడల్పు. వెలుతురు దూరే కన్ను పూర్తిగా తెరిచి తీస్తే మనిషి కనురెప్పలు స్పష్టంగా వచ్చేవి, చెవులకే మసక మొదలయ్యేది. వెనకున్నది ఏదైనా సరే, సుడి తిరిగినట్టు మెత్తగా కలిసిపోయేది.

మా పైవాళ్ళకు ఆ లెన్సు ఎందుకు నచ్చిందో చెప్పాలి. దాంతో తీస్తే ఫ్యాక్టరీ కనిపించదు. దుమ్ము కనిపించదు, తుప్పు కనిపించదు, వెనక బస్తాలు మోసే మనుషులు కనిపించరు. జనరల్ మేనేజర్ ముఖం ఒక్కటే కనిపిస్తుంది. కెమెరాలు మారాయి, రీళ్ళు పోయి డిజిటల్ వచ్చింది, నేను మాత్రం కెమెరాకూ లెన్సుకూ మధ్య అమరే రింగు ఒకటి చేయించుకుని ఆ లెన్సే వాడాను.

నాకింకో అలవాటు ఉండేది. ఏదైనా సభ జరిగితే వేదిక ముందు కట్టిన బంతిపూల తోరణం వెనక్కి చేరి, ఒక పువ్వు లెన్సుకు కొంచెం అడ్డం వచ్చేట్టు చూసుకుని తీసేవాణ్ణి. ఫోటోలో ఒక మూల పసుపుపచ్చటి వెలుగు పడేది. ఫ్యాక్టరీ పత్రికలో ఆ పసుపు వెలుగు చూస్తే అది నేను తీసిన ఫోటో అని అందరికీ తెలిసిపోయేది. కొంచెం గర్వం కూడా ఉండేది.

నేను రిటైరు కావడానికి కొంచెం ముందు, ఎండలు మొదలయ్యే రోజుల్లో, భద్రతా వారోత్సవాలు జరిగాయి. ప్యాకింగ్ ప్లాంటు ముందు వేదిక వేశారు. జనరల్ మేనేజర్ ప్రతిజ్ఞ చదివిస్తున్నాడు, నేను ఫోటోలు తీస్తున్నాను. ఆయన వెనక, దూరంగా, ఎత్తైన లోడింగ్ ప్లాట్‌ఫాం మీద ఒక హమాలీ నిలబడి చూస్తున్నాడు. నేను ఆ ఫోటో తీసిన క్షణాల్లోనే, కింద జనం ఇంకా చప్పట్లు కొడుతుండగానే, అతను ప్లాట్‌ఫాం అంచు నుంచి కింద పడ్డాడు. ఆస్పత్రికి చేరేలోపే పోయాడు.

ఆ అంచుకు అడ్డంగా ఉండాల్సిన ఇనుప కమ్మీ ఆ రోజు లేదు. వారోత్సవాల కోసం రంగు వేయడానికి ముందురోజు ఊడదీశారు. తిరిగి బిగించలేదు.

అతనిది ఆదోని అవతల పల్లె. క్రైస్తవ కుటుంబం. భార్యా ఇద్దరు ఆడపిల్లలతో ఫ్యాక్టరీ క్వార్టర్ల లైన్లో ఒక గదిలో ఉండేవాడు. పాసు ఫోటోకు వచ్చినప్పుడు తలపాగా తీయమంటే, "తలకాయ తీసినట్టుంటాది సార్" అని నవ్వాడు. హెల్మెట్ పెట్టుకోడని షెడ్డంతా చెప్పుకునేవాళ్ళు. సాయంత్రాలు దాంట్లో సీమచింతకాయలు నింపుకుని ఇంటికి పోతుంటే నేనూ చూశాను.

ఇప్పుడు ప్రశ్న ఆ హెల్మెట్టే. కింద గోడ వారన, చెక్కుచెదరకుండా దొరికింది. పడేటప్పుడు తల నుంచి ఎగిరి పోయిందా, లేక అంతకుముందే తీసి అక్కడ పెట్టాడా? పక్కన పనిచేసేవాళ్ళు చూడలేదన్నారు. వాళ్ళు కాంట్రాక్టు మనుషులు, చూశామంటే రేపటి నుంచి పనికి రానక్కరలేదు. హెల్మెట్ లేకుండా ఉన్నాడని తేలితే తప్పు అతనిదే అని విచారణ అక్కడితో మూసేయవచ్చు. భార్యకు ఉద్యోగం ఉండదు, గది ఖాళీ చేయాలి. హెల్మెట్ ఉందని తేలితే, మరి ఎందుకు పడ్డాడు, కమ్మీ ఏమైంది అని అడగాల్సి వస్తుంది.

ఆధారం నా ఫోటో ఒక్కటే. అందులో జనరల్ మేనేజర్ మీసం వెంట్రుకలు ఒక్కొక్కటీ కనిపిస్తాయి. ఆయన భుజానికి పైన, మసకలో, మనిషి ఆకారం ఒకటి. ఆ ఆకారానికి తల ఉండాల్సిన చోట ఒక పచ్చటి గుండ్రం. లోడింగు వాళ్ళ హెల్మెట్లు పసుపుపచ్చవి. నా బంతిపూలూ పచ్చనివే.

విచారణకు ముందురోజు సేఫ్టీ ఆఫీసర్ నా గదికి వచ్చాడు. నాకంటే చిన్నవాడు, హోదాలో పెద్దవాడు. ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి. కమ్మీ ఊడదీయమని రాసిన కాగితం మీద సంతకం అతనిదేనని అప్పటికే అందరికీ తెలుసు.

"అన్నా, మీరు పువ్వు అడ్డం పెట్టి తీస్తారని అందరికీ తెలిసిందే కదా. రేపు ఆ మాట ఒక్కటి చెప్పండి. అబద్ధం చెప్పమనడం లేదు."

"ఆ ఫోటోకు పెట్టానో లేదో నాకు గుర్తులేదు" అన్నాను.

"గుర్తులేదంటే ఎట్లన్నా? ఇది చూడండి." ఫోన్ తీశాడు. ఎవరో నా ఫోటోను మసక పోగొట్టే యాప్‌లో వేశారట. పచ్చటి గుండ్రం పోయి, దాని చోట నల్లటి క్రాపుతో ఒక ముఖం ప్రత్యక్షమైంది. దానికి బారెడు మీసం కూడా ఉంది.

"ఆ హమాలీకి మీసమే లేదు" అన్నాను.

అతను ఫోన్ వైపు చూశాడు, నా వైపు చూశాడు. "మీసం సంగతి వదిలేయండి" అన్నాడు. నవ్వాలనుకున్నాడు కాని నవ్వు రాలేదు. ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. నాకు అతని మీద కోపం రాలేదు. అతనికీ పిల్లలున్నారు.

మరుసటి ఉదయం గేటు దగ్గర చనిపోయినతని భార్య నా కోసం నిలబడి ఉంది. తెల్లచీర, చేతిలో గుడ్డసంచి.

"సార్, ఫోటో తీసింది మీరే అంట కదా. ఒక మాట చెప్పల్ల మీకు. మా ఆయప్ప హెల్మెట్టు పెట్టుకోడు సార్. నాకు తెలుసు. మా మరిదేమో ఉద్యోగం వస్తాది, కొట్లాడుదాం అంటాండాడు. నేనేమని కొట్లాడేది? ఆ పొద్దు గూడా తిట్టినా. నీ తలకాయ పగిలితే ఎవురు కుట్టిస్తారు, పెట్టుకోరా నాయనా అని. నవ్వుకుంటా పోయినాడు."

"రెండు రోజులాగమ్మా, తేలుతుంది" అన్నాను. ఏమనాలో తెలియనప్పుడు అనే మాట.

"తేలేదేముండాది సార్. చెప్పిన మాట ఇనింటే ఈ పొద్దు ఉండేటోడు. ఇనలా." ఆ మాట గట్టిగా అంది. ఆ గట్టిదనం నాకు తెలుసు. అప్పటికి మా ఇంటావిడ పోయి ఏడాది కావస్తోంది. ఆమె బీపీ మాత్రల డబ్బా సగం నిండి అలమారలో ఉండిపోయింది. వేసుకోకుండా దాచిపెట్టిన మాత్రలు. రోజూ తీసి చూసేవాణ్ణి, తిట్టుకునేవాణ్ణి, మళ్ళీ అక్కడే పెట్టేవాణ్ణి.

విచారణ గెస్ట్‌హౌస్ హాల్లో. కడప నుంచి వచ్చిన ఫ్యాక్టరీల శాఖ అధికారిణి నడివయసు మనిషి, ఎవరినీ తొందరపెట్టదు. బల్ల మీద నా ఫోటో పెద్దది చేసి పెట్టారు. ఒక పక్క సేఫ్టీ ఆఫీసర్, తలుపు దగ్గర కుర్చీ అంచు మీద చనిపోయినతని భార్య.

"ఈ పచ్చటిది పువ్వా, హెల్మెట్టా?" అని అధికారిణి నన్ను అడిగింది.

"చెప్పలేనండి."

"మీరు పువ్వులు అడ్డం పెట్టి తీస్తారట."

"తరచుగా తీస్తాను. ఇది అలా తీశానో లేదో గుర్తులేదు."

సేఫ్టీ ఆఫీసర్ ఊపిరి వదలడం వినిపించింది. ఆ భార్య నేల చూస్తోంది. నా అలవాటే అక్కడ సాక్ష్యం చెబుతోందని అర్థమైంది. నేను చెప్పిన రెండు మాటలూ నిజమే. వాటితోనే ఆమె గది పోతుంది.

అధికారిణి ఫోటోను వదలలేదు. వేలితో ఆ గుండ్రం చుట్టూ గీసింది. "పువ్వు అయితే ఫోకస్‌కు ముందు ఉంటుంది. హెల్మెట్ అయితే వెనక ఉంటుంది. ముందున్న మసకా వెనకున్న మసకా ఒకేలా ఉంటాయా మీ లెన్సులో?"

ఇన్ని రోజులుగా నాకు తట్టని సంగతి అది. ఉద్యోగమంతా ఆ లెన్సు పట్టుకుని తిరిగినవాణ్ణి.

"ఒకేలా ఉండవండి. ఎండ తగిలి మెరిసే చోట బిళ్ళలా వస్తుంది. ఆ బిళ్ళ అంచుకు ఒక వైపున్న వాటికి ఆకుపచ్చ పడుతుంది, ఇంకో వైపున్న వాటికి ఊదా పడుతుంది. పాత లెన్సులకు ఉండే లోపం."

"ముందున్న వాటికి ఏ రంగు?"

నాకు తెలియదు. రెండు రంగులనూ ఒకే బటన్‌తో తుడిచేవాణ్ణి. ఏది ఎక్కడిదని ఎన్నడూ చూడలేదు.

"ఈ ఫోటోలో ఏ రంగూ లేదే" అంది ఆమె.

"తుడిచానండి. తుడిచి, అసలు దాని మీదే సేవ్ చేశాను. అలవాటు."

"అసలుది ఇంకెక్కడా లేదా?"

"కెమెరా కార్డులో ఉండాలి. తర్వాతి ఫంక్షన్‌కు ముందు కార్డు ఖాళీ చేస్తాను. ఆ రోజు తర్వాత ఫంక్షన్లు జరగలేదు. కెమెరా స్టోర్లో ఉంది. ఈలోపు ఇంకెవరికైనా ఇచ్చి ఉంటే మాత్రం చెప్పలేను."

ముగ్గురం స్టోర్‌కు నడిచాం. ఆ భార్య ఎవరూ పిలవకుండానే వెనక వచ్చింది. ఎండ అప్పటికే మాడ్చేస్తోంది.

స్టోర్ కీపర్ నాకు పాత స్నేహితుడు, కడప దర్గా పక్క సందులో పుట్టి పెరిగినవాడు. లెన్సుకు బూజు పట్టకుండా బిస్కెట్ల డబ్బాలో బియ్యం పోసి దాంట్లో పెట్టేవాడు. ఏడాదికోసారి ఆ బియ్యం మార్చి, పాతవి కోళ్ళకు వేస్తాననేవాడు.

"ఏమప్పా ఫోటో సారూ, ఇంతమందిని ఎంటేసుకొచ్చినావు, నా మీదేమన్నా కేసు పెట్టినారా?"

"కెమెరా ఎవరికైనా ఇచ్చావా?"

"అడిగినారు. పోయిన వారం పర్సనెల్ సెక్షన్ వాళ్ళు పాసులకని అడిగినారు."

నేను లేని రోజు పాసుల ఫోటోలు ఆ సెక్షన్ వాళ్ళే తీసుకునేవాళ్ళు, తీసేముందు కార్డు ఖాళీ చేయడం వాళ్ళ పద్ధతి.

"ఇచ్చావా?"

"నీ సంతకం లేకుండా ఎట్ల ఇస్తానప్పా? పెండ్లాన్నన్నా పుట్టింటికి పంపిస్తా గానీ, ఈ డబ్బా ఇయ్యను అని చెప్పినా. శానా కోపం చేసుకుని పోయినారు." డబ్బా మూత తీశాడు. బియ్యంలో నుంచి లెన్సు పైకి తీసి ఊదాడు. "సూడు, కండ్లు తెరుసుకోనే ఉండాది."

నేను కార్డు తీయబోతే అధికారిణి ఆపింది.

"ఇప్పుడే తెరవద్దు. ముందు ఏ రంగు దేనిదో చూద్దాం. చూసి అందరం ఒప్పుకుందాం. ఆ తర్వాత తెరుద్దాం. ముందే తెరిస్తే, ఎవరికి కావలసిన రంగుకు వాళ్ళు అర్థం చెబుతారు."

ఆమె ఆ మాట సేఫ్టీ ఆఫీసర్‌ను చూస్తూ అనలేదు. నన్ను చూస్తూ అంది. అది నాకు సబబే అనిపించింది. అప్పటికే నాకు ఏ రంగు కావాలో నాకు తెలుసు. ఇంకొక కార్డు వేసి, పాతది ఆమె చేతికి ఇచ్చాను. గుప్పిట్లో పెట్టుకుంది.

ప్యాకింగ్ ప్లాంటు ముందు, వేదిక ఉన్న చోట, ఆమె తానే జనరల్ మేనేజర్ స్థానంలో నిలబడింది. తోటమాలి ఆఫీసు ముందు మడిలో నుంచి బంతిపూలు కోసుకొచ్చాడు. తోరణం కట్టినచోటే తాడు కట్టి, ఆ రోజు పూలు వాడకుండా చల్లినట్టే నీళ్ళు చల్లాం. ఇక ప్లాట్‌ఫాం మీద ఒక మనిషి కావాలి.

"మీరు వెళ్ళండి" అంది సేఫ్టీ ఆఫీసర్‌తో. "హెల్మెట్ పెట్టుకుని."

అతను కదలలేదు. "ఎవరినైనా హమాలీని పిలుద్దాం మేడం."

"మీరే వెళ్ళండి."

ఇనుప మెట్లెక్కాడు. చప్పుడు కింది దాకా వినిపించింది. కొత్త రంగు వేసిన కమ్మీ ఇప్పుడు బిగించి ఉంది. అతను దాన్ని రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. కిందికి చూడలేదు. షెడ్డు నీడలో నుంచి హమాలీలు ఒక్కొక్కరే వచ్చి గుమిగూడారు. ఆ భార్య వాళ్ళతో కలవకుండా నా వెనక నిలబడింది.

లెన్సు పూర్తిగా తెరిచాను. అధికారిణి కంటికి ఫోకస్ పెట్టాను. మొదట పువ్వు అడ్డం పెట్టి, తర్వాత పువ్వు తీసేసి. చెమట కంట్లోకి కారి రెండుసార్లు ఆగాల్సి వచ్చింది.

హాల్లోకి వచ్చి ల్యాప్‌టాప్‌లో పెద్దవి చేసి చూశాం. పువ్వు మీద నీటిబొట్టు మెరుపు మెత్తటి బిళ్ళగా వచ్చింది, దాని చుట్టూ ఊదా. సేఫ్టీ ఆఫీసర్ హెల్మెట్ మీద ఎండ మెరుపు గట్టి అంచున్న బిళ్ళ, సబ్బు బుడగలాగా. అంచున ఆకుపచ్చ. అన్నీ మళ్ళీ చూశాం. ఎక్కడా తేడా లేదు.

"ముందుంటే ఊదా, వెనకుంటే ఆకుపచ్చ" అంది అధికారిణి. "ఒప్పుకుంటారా?"

"ఒప్పుకుంటాను" అన్నాను.

సేఫ్టీ ఆఫీసర్ తల ఊపాడు.

"నోటితో చెప్పండి."

"ఒప్పుకుంటాను మేడం."

ఆమె గుప్పిట విప్పి కార్డు ఇచ్చింది. చెమటకు తడిసి ఉంది. చొక్కాకు తుడిచి పెట్టాను. ఆ రోజు ఫోటోలు వరసగా వచ్చాయి. దండలు, దీపం, ప్రతిజ్ఞ. ఆ ఫోటో తెరిచాను. మొదట మీసం, తర్వాత భుజం. పైకి జరిపాను. పచ్చటి గుండ్రం తెర మధ్యలోకి వచ్చింది. దాని పైభాగాన ఎండ తగిలి ఒక తెల్లటి మెరుపు. పెద్దది చేశాను. యంత్రం కాసేపు ఆలోచించింది. ముందు గడులు గడులుగా కనిపించి తర్వాత కుదుటపడింది.

మొదట మాట్లాడింది సేఫ్టీ ఆఫీసర్.

"ఆకుపచ్చ" అన్నాడు.

కుర్చీలో వెనక్కి వాలి, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. ఆ మాట అతనే అన్నందుకు నాకు ఇప్పటికీ అతని మీద గౌరవం ఉంది. ఇంకొకరు అనేదాకా ఆగి ఉండవచ్చు.

తలుపు దగ్గర నుంచి ఆ భార్య లేచింది. "అంటే ఏంది సార్?"

"పెట్టుకున్నాడమ్మా" అన్నాను. "హెల్మెట్ పెట్టుకునే ఉన్నాడు."

సంతోషిస్తుందనుకున్నాను. లేదా ఏడుస్తుందనుకున్నాను. ఆమె తెర వైపు చూసింది, నా వైపు చూసింది. ముఖంలో ఏదో జారిపోయింది.

"పెట్టుకున్యాడా?" అంది. "పెట్టుకోని గూడా పాయనా?"

గోడ పట్టుకుని మెల్లగా కింద కూర్చుంది. ఆ తర్వాతే ఏడుపు వచ్చింది.

విచారణ కమ్మీ మీదికి మళ్ళింది. అది చాలాకాలం నడిచింది, నా వరకు రాలేదు. సేఫ్టీ ఆఫీసర్‌ను వేరే చోటికి మార్చారు. తప్పు అతనొక్కడిదే కాదని, పైనుంచి తొందరపెట్టినవాళ్ళు ఉన్నారని తర్వాత అందరూ అన్నారు. అనాల్సిన చోట మాత్రం ఎవరూ అనలేదు. ఆమెకు క్యాంటీన్‌లో ఉద్యోగం వచ్చింది. గది నిలిచింది, పిల్లలు అదే బడికి పోతున్నారు.

నా రిటైర్మెంటు రోజు క్యాంటీన్‌కు పోయాను. ఆ ఫోటోలో అతని ఆకారం ఉన్న ముక్క ఒక్కటే తీసి, చిన్న ప్రింటు వేసి కవర్లో పెట్టుకుపోయాను. ముఖం ఉండదు, రూపు కూడా సరిగ్గా ఉండదు. అయినా అతని చివరి ఫోటో కదా అనుకున్నాను. రంగు తుడవలేదు.

ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని వచ్చింది. కవరు విప్పి, చూసి, మళ్ళీ దాంట్లోనే పెట్టి నాకిచ్చేసింది.

"వద్దు సార్. తప్పుగా అనుకోవాకండి. మీరు చేసిన మేలు మర్సిపోను. కానీ ఇంతకుముందు పొద్దు లేస్తానే ఆయప్పను తిట్టుకుంటా ఉంటి. ఇనలా, ఇనలా అని. తిట్టుకుంటే కాసింత ఊపిరాడేది. ఇప్పుడు తిట్టేదానికి కూడా లేకుండా పాయ."

"నాకు తెలుసమ్మా" అన్నాను.

మీకెట్ల తెలుసని ఆమె అడగలేదు. టీ తెచ్చి పెట్టింది. తాగి, కవరు జేబులో వేసుకుని ఇంటికి వచ్చాను. అది ఇప్పటికీ అలమారలోనే ఉంది, మాత్రల డబ్బా పక్కన.